ఎడమచేతి లెక్క

ఆనకట్ట పక్కన, నేలలోకి పదిమెట్లు దిగితే వచ్చే ఆ గదికి కిటికీ ఒక్కటే. కిటికీ అవతల గాలి ఉండదు, నీళ్ళుంటాయి. గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఏరెక్కే సాల్మన్ చేపలు ఆనకట్టను దూకలేవు కనక, వాటికోసం పక్కనే కాంక్రీటు తొట్లను మెట్లలా ఒకదానిపైన ఒకటి కట్టారు. చేప ఒక్కో తొట్టిలోంచి పై తొట్టిలోకి ఎగురుతూ పోయి, చివరికి ఆనకట్ట పైనున్న జలాశయంలో తేలుతుంది. పైనుంచి మూడో తొట్టి గోడకు మందపాటి అద్దం బిగించి, ఇవతల ఒక కుర్చీ, ఒక బల్ల వేసి, ఇరవై ఆరేళ్ళ కిందట అక్కడొక మనిషిని కూర్చోబెట్టారు. ఆమెను రేవులో అందరూ లెక్కలక్క అంటారు.

ఆమె పని చేపల్ని లెక్కపెట్టడం. రెండు చేతుల్లో రెండు లెక్కమీటలుంటాయి. ఒకసారి నొక్కితే ఒక అంకె పెరుగుతుంది. కుడిచేతిది పైకి పోయే చేపలకు. ఎడమచేతిది, పైదాకా పోయి ఎందుకో వెనక్కి తిరిగి దిగిపోయే చేపలకు. కుడి అంకెలోంచి ఎడమ అంకె తీసేస్తే ఆ రోజు నికరంగా ఏరెక్కినవెన్నో తేలుతుంది. చీకటి పడగానే తొట్ల తలుపు మూసేస్తారు, ఆదివారాలు అసలు తెరవరు. చేపలు తలుపు తెరిచేదాకా కింద కాచుకుంటాయి.

పొద్దుటి నుంచి రెండు గంటలదాకా లెక్కలక్క. రెండు నుంచి చీకటిదాకా డ్రిల్లు మాస్టారు. ఆయన బడి ఉద్యోగం నుంచి రిటైరై ఏడేళ్ళయినా మెడలో ఈలను మాత్రం వదల్లేదు. పెద్ద చేప కనబడితే తెలియకుండానే ఈల వేసేవాడు. దాని దారిన అది పోతూనే ఉండేది. "నా జీవితంలో నా మాట వినని క్లాసు ఇదొక్కటే" అనేవాడు.

లెక్కలక్క చేరిన ఏడు సీజన్ మొత్తానికి అరవై వేల చేపలు ఎక్కాయి. సాయంత్రానికి బొటనవేలు వాచి, ఇంటికెళ్ళి ఉప్పునీళ్ళలో ముంచుకునేది. తర్వాత అది నలభై వేలయింది, పాతికయింది, పన్నెండయింది. ఏటి ఎగువన గులకరాళ్ళు తవ్వి పట్టుకుపోయారని కొందరు, ఒడ్డున చెట్లు కొట్టేశాక నీళ్ళు వేడెక్కాయని కొందరు, సముద్రంలోనే తిండి లేదని ఇంకొందరు అనేవాళ్ళు. రేవులో ఎవరి కారణం వాళ్ళకుంది, ఎవరిదీ అబద్ధం కాదు. ఒకప్పుడు ఆమె నింపే కాగితంలో సాల్మన్ పక్కన ట్రౌట్, మలుగు, ఇంకా నాలుగు రకాల ఏటి చేపలకు వేరువేరు గళ్ళుండేవి. ఏళ్ళ తరబడి సున్నాలు చూసి చూసి, ఆఫీసువాళ్ళు సాల్మన్‌కు పైకి, వెనక్కి అని రెండే గళ్ళతో కొత్త కాగితం అచ్చేయించారు. వెడల్పు తగ్గింది, ఫైల్లో సరిగ్గా పడుతుందని గుమాస్తా సంతోషించాడు.

లెక్కలక్కకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి తొమ్మిది, ఆమెకు పంతొమ్మిది. అన్నం పెట్టింది, తల దువ్వింది, బడికి పంపింది, బడి ఎగ్గొట్టి పడవలెక్కితే చెవి మెలేసి దింపింది. చివరికి వాడు పడవే ఎక్కాడు. ఏరు సముద్రంలో కలిసే మొగలో, గుంజలకు వలలు బిగించి వలకట్టు వేసి సాల్మన్ పడతాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదనేది. తమ్ముడికి మాత్రం తనే సంబంధం చూసి చేసింది. మరదలు వల అల్లడంలో దిట్ట, మాటల్లో అంతకన్నా దిట్ట.

అయిదేళ్ళ కిందట చేపల శాఖ ఒక నిబంధన పెట్టింది. ఆగస్టు ఇరవై నాటికి కనీసం నాలుగు వేల సాల్మన్ ఆనకట్ట దాటితేనే ఏటి మొగలో వలలు దిగాలి. దాటకపోతే ఆ ఏడు వేట లేదు. నాలుగేళ్ళూ ఆ గీత ఎలాగో దాటుతూ వచ్చింది. అయిదో ఏడు ఆగస్టు పదిహేను నాటికి లెక్క మూడువేల అయిదువందల అరవై దగ్గరుంది.

అది ఆదివారం. ప్రతి ఆదివారం ఆమె మధ్యాహ్నం భోజనం తమ్ముడింట్లోనే. తిన్నంతసేపూ తమ్ముడు పడవ ఇంజను గురించి, పక్కింటివాళ్ళ కుక్క గురించి మాట్లాడాడు. లెక్క సంగతి ఎత్తలేదు. గిన్నెలు కడిగేటప్పుడు మరదలు ఎత్తింది. ఎంతలో ఉందని అడిగింది, రోజుకు ఎన్ని ఎక్కుతున్నాయని అడిగింది. ఎనభై, తొంభై అని లెక్కలక్క చెప్పింది. మరదలు సబ్బు నురగలో చేతులుంచుకునే మనసులో కూడుకుంది. ఇటో అటో, కత్తి అంచు మీద ఉంది వ్యవహారం.

"వెనక్కి పోయేవాటిని తీసెయ్యడం దేనికి వదినా? అవీ ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ ఎక్కుతాయిగా."

"ఎక్కినప్పుడు మళ్ళీ కుడిచేతిలో పడతాయి."

మరదలు ఒక పళ్ళెం కడిగి ఇచ్చి, ఆ పైన మెల్లగా అంది. "నీ ఎడమచెయ్యి ఒక్క అయిదు రోజులు ఊరుకుంటే ఎవరి కొంపా మునగదు. మా కొంప మాత్రం తేలుతుంది."

లెక్కలక్క ఆరిపోయిన పళ్ళాన్నే మళ్ళీ తుడిచింది. ముందుగదిలోంచి తమ్ముడు, కొళాయి వృథాగా పోతోంది కట్టమని కేకేశాడు. కొళాయి కట్టేసే ఉంది. వాడు అంతా విన్నాడని ఇద్దరికీ అర్థమైంది.

తర్వాతి రోజుల్లో ఆమె ఎప్పటిలాగే లెక్కపెట్టింది. పొద్దున్నే నీళ్ళు పచ్చగా, మసకగా ఉండి ఎండెక్కేకొద్దీ తేటపడేవి. ఒక్కో చేప అద్దం ముందుకొచ్చి ఒక్క క్షణం నిలబడేది. దాని కన్ను, మొప్పలు, రెక్కకు తగిలిన పాత గాయం అన్నీ కనబడేవి. తోక ఒక్కసారి కొట్టి పోయేది. ఆమె పూటలో రోజుకు అయిదారు చేపలు వెనక్కి దిగేవి. దిగిన ప్రతిదానికీ ఎడమ బొటనవేలు నొక్కుకునేది. నొక్కిన ప్రతిసారీ మరదలి మాట గుర్తొచ్చేది.

పంతొమ్మిదో తేదీ పొద్దున ముందురోజు కాగితం చూసింది. మాస్టారి పూటలో ఎడమ గడిలో సున్నా ఉంది. ఉండొచ్చులే అనుకుంది. ఇరవయ్యో తేదీ పొద్దున చూస్తే మళ్ళీ సున్నా. ఈసారి అలా అనుకోలేకపోయింది, అలాగని ఎవరితోనూ అనలేదు. ఆ సాయంత్రం మాస్టారు ఫోన్ చేశాడు. నాలుగువేల రెండు అన్నాడు. గొంతులో ఈల వేసినంత హుషారు. లెక్కలక్క మంచిదని ఫోన్ పెట్టేసింది.

నివేదిక మర్నాడు పన్నెండింటిలోపు పంపాలి. తెల్లారి ఏడింటికే మాస్టారిని గదికి రమ్మంది. ఆయన వచ్చేసరికి మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి ఉన్నాయి. మూడు సున్నాలూ ఒకే వరసలో ఉన్నాయి. కళ్ళు సరిగా ఆనడం లేదన్నాడు. సాయంత్రం వెలుగు తక్కువన్నాడు. ఆమె మూడు సున్నాల మీదా వరసగా వేలు పెట్టేసరికి కుర్చీలో కూలబడ్డాడు.

"నేను అబద్ధం రాయలేదమ్మా. ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాను, అంతే. ఆ పిల్లాణ్ణి బడిలో నేనే పరిగెత్తించాను. వాడి పడవ ఒడ్డున బోర్లాపడి ఉంటే చూడలేను."

"వాణ్ణి నేను పెంచాను మాస్టారూ" అంది లెక్కలక్క.

అద్దం పైన కెమెరా ఒకటి రెండేళ్ళుగా ఉంది. దాని రికార్డింగు ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఇద్దరూ కూర్చుని ఆ మూడు మధ్యాహ్నాలూ వేగంగా తిప్పి చూశారు. మొదటిరోజు ఆరు, రెండో రోజు ఏడు, మూడో రోజు అయిదు వెనక్కి దిగాయి. నాలుగువేల రెండులోంచి పద్దెనిమిది పోతే మూడువేల తొమ్మిదివందల ఎనభైనాలుగు. గీతకు పదహారు తక్కువ.

పదహారు చేపల కోసం పాతిక పడవలా అని మాస్టారు నెమ్మదిగా అడిగాడు. అడిగింది ఆమెనో, తననో తెలియలేదు.

"పైన లేని చేపలు గుడ్లు పెట్టవు మాస్టారూ. కాగితం మీద ఉన్నా పెట్టవు."

రికార్డింగు చూసి సవరించామని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. అంతకుమించి ఆమె ఆయన గురించి ఎక్కడా ఏమీ చెప్పలేదు. పన్నెండింటికి నివేదిక వెళ్ళింది. పూట అయ్యాక తమ్ముడింటికి వెళ్ళి తనే చెబుదామనుకుంది. సరిగ్గా రెండింటికే, రేవులోని ఐసు షెడ్డులో అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. ఈ ఏడు వేట లేదు.

ఆమె వెళ్ళేసరికి తమ్ముడు ఇంట్లో లేడు. మరదలు తలుపు తీసి పక్కకు జరిగింది కానీ నోరు తెరవలేదు. ఐసు షెడ్డులో నలుగురూ నాలుగు మాటలంటుంటే, మా అక్క లెక్క తప్పదు అని తమ్ముడు ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూయించాడని ఆమెకు తర్వాత తెలిసింది. కానీ ఇంట్లో మాత్రం ఎడమొహం పెడమొహమే. రెండు ఆదివారాలు ఆమె మానకుండా వెళ్ళింది. మరదలు మానకుండా వడ్డించింది. వడ్డించిన చెంచా చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. తమ్ముడు ఏదో పని ఉందని ఆమె రాకముందే బయటికి వెళ్ళేవాడు.

మూడో ఆదివారం ఆమె ఇంటికి పోకుండా నేరుగా రేవుకు పోయింది. వాడు పడవను బోర్లించి అడుగుకు తారు పూస్తున్నాడు. ఆమె పక్కనున్న డబ్బా మీద కూర్చుంది. వాడు కుంచె ఆపకుండా, తల ఎత్తకుండా అన్నాడు.

"సరిగ్గా లెక్కపెట్టినందుకు నాకు కోపం లేదక్కా. నువ్వు పన్నెండింటికి పంపావు. నేను రెండింటికి, పాతికమంది మధ్య నిలబడి విన్నాను. మధ్యలో రెండు గంటలున్నాయి. మా ఇల్లు నీకు ఇరవై నిమిషాలు."

తన పూట ఇంకా అవలేదని, అద్దం ముందు నుంచి కదిలే వీల్లేదని చెప్పొచ్చు. అది నిజమే. కానీ మాస్టారు ఆ రెండు గంటలూ అక్కడే ఉన్నాడని, అడిగితే కూర్చునేవాడని ఆమెకు తెలుసు.

"భయమేసిందిరా" అంది.

"నేను కొడతాననా?"

"ఏడుస్తావని."

వాడి కుంచె ఆగింది. మొహం మీద నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. "ఏడ్చాను" అన్నాడు. "ఐసు షెడ్డు వెనక్కి పోయి. చేపల బుట్టలున్నాయే, అక్కడ."

ఆమె లేచి, వాడి చేతిలోంచి కుంచె తీసుకుని, వాడు వదిలేసిన మూల తారు పూయడం మొదలుపెట్టింది. వాడు పక్కన చతికిలబడ్డాడు. ఆ తర్వాత మాటలు మామూలుగానే సాగాయి. పదహారే తక్కువయ్యాయటగా, మొత్తం మీద వెనక్కి దిగిపోయినవెన్ని అని వాడు మాటవరసకు అడిగాడు. సీజన్లో నాలుగువందల ముప్ఫై అని చెప్పింది.

"నాలుగొందల ముప్ఫయ్యా?" వాడు ఆమె మొహంలోకి చూశాడు. "అంతపైకి ఎగిరిపోయాక వెనక్కెందుకు దిగుతాయి?"

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఆఫీసుకు కావలసింది తీసివేయగా మిగిలినది. తనూ తీసివేస్తూనే వచ్చింది. చేప వెనక్కి దిగితే ఎడమ వేలు నొక్కింది. అది ఎందుకు దిగిందని ఒక్కనాడూ పైకి వెళ్ళి చూడలేదు. మంచి లెక్కగత్తెనని తనకు లోలోపల ఉన్న గర్వం ఆ సాయంత్రం కాస్త కుంగింది.

మర్నాడు తమ్ముడు ఆనకట్టకు వచ్చాడు. అద్దం దగ్గర పెద్దగా నిలబడలేదు. చేపలు మెట్లలోంచి జలాశయంలోకి బయటపడే చోటు చూపించమన్నాడు. గట్టు మీద కూర్చుని జేబులోంచి గుప్పెడు చెక్కపొట్టు తీసి నీళ్ళ మీద చల్లాడు. అది ముందుకు పోలేదు. మెల్లగా గుండ్రంగా తిరిగి, తిరిగి, మెట్ల నోట్లోకి జారిపోయింది. మళ్ళీ చల్లాడు, మళ్ళీ అంతే. మాస్టారు కూడా వచ్చి మోకాళ్ళ మీద చేతులుంచి వంగి చూశాడు.

తమ్ముడు చెప్పింది ఇదీ. సాల్మన్‌కు దారి చూపేది ఎదురునీరు. మొహానికి నీటి తోపు తగులుతుంటేనే అది పైకి పోతున్నానని గుర్తుపడుతుంది. ఇక్కడ మెట్లెక్కి బయటికొచ్చేసరికి నిలవనీళ్ళు. ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరుగుతుంది. తిరిగి తిరిగి అలిసినది మెట్లలోకి జారే నీటితోపాటు తనూ జారుతుంది. రెండువందల గజాలు ఎగువకు పోతే పాత ఏటి వాలు తగులుతుంది, అక్కడ ప్రవాహం ఉంది. అందాకా చేయి పట్టుకుని నడిపించేవాళ్ళు కావాలి.

"మా వలకట్టులో దారివల అని ఒకటుంటుంది మాస్టారూ. పట్టుకోదు. గోడలా నిలబడుతుందంతే. చేప గోడను గుద్దుకోదు, గోడ వెంట పోతుంది. పోయి పోయి మా ఉచ్చులో పడుతుంది. ఇక్కడ ఉచ్చు లేకుండా ఆ గోడ ఒక్కటీ కడితే చాలు."

చేపల శాఖ ఆఫీసరు మంచిదే అన్నాడు, కాగితం పెట్టమన్నాడు. కాగితం పెట్టారు. అది ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి సాల్మన్ కన్నా కష్టంగా ఎక్కింది, రెండుసార్లు వెనక్కి దిగింది. వలలో చేపలు చిక్కుకుంటే బాధ్యులెవరని అడిగారు. వల కన్ను వేలు దూరనంత సన్నగా అల్లుతామని తమ్ముడు రాసిచ్చాడు. మాస్టారు ప్రతి మంగళవారం ఆఫీసుకు పోయి, గుమాస్తా ఎదురుగా బెంచీ మీద, మెడలో ఈలతో, నిటారుగా కూర్చునేవాడు. తను చేసిన పనికి ఇది శిక్ష అని ఆయన అనుకున్నాడో ఏమో. గుమాస్తాకు మాత్రం అది శిక్షే అయింది. శీతాకాలం నడుమ అనుమతి వచ్చింది, ఒక్క సీజన్‌కు.

ఆ వారం లెక్కలక్క తమ్ముడింటికి వెళ్ళేసరికి ముందుగది నిండా వల పరిచి ఉంది. మరదలు నేల మీద కూర్చుని, రెండు పాత వలలు విప్పి కొత్త కన్నుతో అల్లుతోంది. లెక్కలక్క ఒక మూలగా ఒదిగి కూర్చుంది. మరదలు అల్లిక మీంచి చూపు తిప్పకుండా అంది.

"వదినా, అక్కడ లోతెంత?"

అయిదు నెలల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. గట్టు దగ్గర రెండు నిలువులు, లోపలికి పోతే మూడు అని లెక్కలక్క చెప్పింది. అయితే అడుగున ఇంకో వరస సీసపు గుళ్ళు కావాలని మరదలు గొణుక్కుంది. ఆ తర్వాత ఒక చివర ఆమెకు అందించి, పట్టుకోమంది. ఆ రోజు పొద్దుగూకేదాకా ఇద్దరూ పట్టుకునే ఉన్నారు. ఆగస్టులో అన్న మాట గురించి మరదలూ ఎత్తలేదు, లెక్కలక్కా ఎత్తలేదు.

వసంతంలో వల దిగింది. ఆ సీజన్లో వెనక్కి దిగినవి నూటపదిహేడు. నాలుగువందల ముప్ఫై ఎక్కడ, నూటపదిహేడెక్కడ అని మాస్టారు ఊరంతా చెప్పుకొచ్చాడు. కానీ ఆ ఏడు సముద్రంలోంచి వచ్చినవే తక్కువ. ఆగస్టు ఇరవైకి మూడువేల ఏడువందలు. వేట లేదు. ఆ తర్వాతి రెండేళ్ళూ లేదు. గట్టున కట్టిన వల సముద్రానికి చెప్పగలిగిందేమీ లేదు. రేవులో ఎనిమిది పడవలు అమ్ముడుపోయాయి. తమ్ముడు పడవల మరమ్మతు షెడ్డులో పనికి కుదిరాడు. వారానికి రెండు పొద్దులు వచ్చి దారివలకు పట్టిన నాచు దులిపేవాడు. అందుకు వాణ్ణి ఎవరూ నియమించలేదు. అనుమతిని మాత్రం ఆఫీసరు ప్రతి ఏడూ పొడిగిస్తూ వచ్చాడు.

మాస్టారికి కంట్లో పొర నిజంగానే వచ్చింది. ఆపరేషను అయ్యాక, ఇక చేపల జోలికి పోనని, మనవలకు ఈల వేయడం నేర్పుతానని ఇంట్లో కూర్చున్నాడు. ఆయన కుర్చీకి మనిషి కావాలని ఆఫీసు ప్రకటన వేస్తే, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది మరదలు. లెక్కలక్క వారం రోజులు పక్కన కూర్చుని పని నేర్పింది. ఎనిమిదో రోజు నుంచి నేర్పాల్సిన పని లేకపోయింది. మరదలు కన్ను రెప్ప వేయకుండా చూసేది. అద్దానికి పాకుడు పట్టిందని, తుడిచే మనిషి మూడురోజులుగా రాలేదని ఆఫీసుకు ఫోన్ చేసి గుమాస్తాను నిలదీసేది. ఆమె గొంతు వినగానే గుమాస్తాకు మాస్టారు బెంచీ మీద కూర్చున్న రోజులే నయమనిపించేది.

వల దిగిన నాలుగో ఏడు, మొదటి వసంతంలో దారివల వెంట పోయిన చేపల పిల్లలు పెద్దవై తిరిగొచ్చే ఏడది. ఆగస్టు ఇరవైకి నాలుగువేల మూడువందల చిల్లర తేలింది. అది వల చలవేనా, సముద్రం దయా అంటే చెప్పలేమని ఆఫీసరు అన్నాడు. చెప్పలేమనే తమ్ముడూ అన్నాడు. పది రోజుల పాటు వేట తెరిచారు. ఈసారి ఆ కబురు, మరదల్ని అద్దం ముందు కూర్చోబెట్టి, పన్నెండింటికే లెక్కలక్క స్వయంగా షెడ్డుకు పోయి వాడికి చెప్పింది. వాడు చేతులు తుడుచుకుని, పది రోజులా అని, ఇంజను నూనె వెతుక్కుంటూ వెళ్ళాడు.

మొదటిరోజు వలకట్టు వంకరగా పడింది. నాలుగేళ్ళు వదిలేసిన చెయ్యి కదా. ఏడు చేపలు పడ్డాయి. రెండో రోజు పదకొండు. మూడోరోజు ఆదివారం, మధ్యాహ్నం భోజనానికి ముగ్గురూ కూర్చునే వేళకు ఎగువన పెద్ద వాన కురిసినట్టు కబురొచ్చింది. తెల్లారేసరికి ఏరు చెత్త మోసుకొస్తుంది, దులపకపోతే దారివల బరువెక్కి తెగుతుంది.

తమ్ముడు అన్నం ముందు వేళ్ళ మీద లెక్కేశాడు. పదిలో మూడు రోజులు అయిపోయాయి. పొద్దుటి పోటు తప్పితే ఆ రోజు వేట లేనట్టే.

"రేపు పొద్దున్న పైకే పోతాను" అన్నాడు. "అది దులపడానికి ఇద్దరు కావాలి. తాడు పట్టేవాళ్ళెవరు?"

తన పూట ఏడింటికి గానీ మొదలవదని లెక్కలక్క అంది. మరదలు, మీ ఇద్దరికీ బరువు చాలదు, నేనూ వస్తాను అంది. అయిదింటికి బయలుదేరాలనుకున్నారు. తమ్ముడు ఇంకోసారి వడ్డించుకున్నాడు.